నూట పదిహేడో నంబరు తాడు

ఆబ్కారోళ్లు తెల్లరంగుతోని రాసిన నంబరు అది.
మొన్న వచ్చిన పిలగాడు, కొత్త నౌకరి, బూట్లకు చలివాగు బురద,
కాగితం మీద పెన్ను ఆనిచ్చి అడిగిండు:
"ఈ చెట్టు ఎవరు గీస్తున్నరు?"
నాగపురి ఓదెలు అని రాయించిన.
సంతకం పెట్టినంక మనసుల పడ్డది,
అబద్ధం చెప్పిన్నా ఏందని.

ఎందుకంటే నేను మోకేసుకొని ఎక్కేసరికి
ఏ పొద్దూ లొట్టి ఎవరో ఒకరు ముట్టిందే.
గబ్బిలం నురుగు నాకి పోతది.
మానుపిల్లి జర మర్యాద తెలిసింది,
నిమ్మళంగ కూసొని తాగి, పోయేటప్పుడు
మట్ట మొదట్ల ఇంత పెంట వెట్టి పోతది, కిరాయి లెక్క.
అండ్ల అన్నీ ఈత గింజలు.
గెట్టు పొంటి ఈత పొదలు ఎట్ల లేసినయని
మా నాయిన ఎన్నేండ్లు ఆలోచన చేసిండో!
ఈగలు, తేనెటీగలు మునుగుతయి. వడగట్టిన గుడ్డ దులిపితే
కింద కాసుకున్న తొండ ఏరుకుంటది.

మట్టల కింద ఉండే పిట్ట పేరు నాకు తెల్వది.
మసి రంగు. నా గీత కత్తి లెక్కనే వంపు తిరిగిన రెక్కలు.
నేల మీద వాలంగ ఎన్నడూ చూడలే.
ఎండు మట్టకు ఉమ్మితోని దూది పింజ అంటిస్తది,
గుడ్డును గూడ ఉమ్మితోనే అంటిస్తది,
గాలిదుమారానికి మట్ట ఊగితే జారిపడొద్దు గదా.
ఆ దూది పోశాలు పత్తిచేన్లది.
పోశాలు మందు కొట్టిన దినాలల్ల
పిట్టలు చేను దిక్కు పోవు, వాగు మీదనే తిరుగుతయి.
నాలుగొద్దులకు మళ్ల వస్తయి.
కొన్ని.

ఎండు మట్టలు కొట్టు, పొయ్యికన్న పనికొస్తయి అంటది రాజవ్వ.
కొడుత. గూళ్లున్న దిక్కు వదిలిపెట్టి కొడుత.
సగం క్షవరం చేసిన తలకాయ లెక్క ఉన్నదని
మండువ కాడ నవ్వుతరు. నవ్వనీ.

పక్కది నూట పందొమ్మిది. పిడుగు పడ్డది, తల లేదు.
ఆబ్కారి పుస్తకంల ఎన్నడో కొట్టేసిండ్రు.
మీది బొర్రల పాలపిట్ట కాపురం,
కింది బొర్రల పైడికంటెల జంట. రెండిటికీ పడదు,
పొద్దుగూకినంక ఒకటే లొల్లి.
"ఉత్త మోడు, బట్టికి అమ్మరాదే" అన్న ఇటుకల సారయ్యనే
దసరా నాడు కొత్త అంగీ తొడుక్కొని వచ్చి
"ఓదెలూ, ఏడా పాలపిట్ట కనవడ్తలేదు" అన్నడు.
మోడు దిక్కు చెయ్యి చూపెట్టి ఊకున్న.

ఇగ అసలు సంగతి.
ఏడేండ్ల కింద మోకు తెగింది. తుంటి ఇరిగింది.
ఎండకాలం, వానకాలం మంచంలనే.
నూట పదిహేడు పరుపుదాడు; గెల గీసేటోడు లేకపాయె,
గీయని గెల కాసింది, కాసింది పండింది.
నడిరాత్రి పండ్లు దబ్బు దబ్బున పడుతుంటే
ఇంట్ల పండుకొని లెక్కవెట్టేది,
ఇన్ని లొట్ల కల్లు మన్నుపాలాయె అని.
అడివి పందులొచ్చి తిన్నయట.
నక్క టెంక కరుచుకపోయి, వాగు ఒడ్డున చీకి పారేసిందట.
తర్వాత వానలు.

ఏడాదికి కట్టె పట్టుకొని నడిచిపోయిన.
ఇసుకల, మడిచిపెట్టిన విసనకర్రల లెక్క మొలకలు.
ఇరవై మూడు.
రెండుసార్లు లెక్కవెట్టిన, మూడోసారి కండ్లు మసకలైనయి.
నేను మంచి నడుముతోని ఎక్కిన ముప్పై ఏండ్లల్ల
ఆ చెట్టును ఒక్క పిల్లనన్న కననియ్యలే.

ఇప్పుడవి నా మోకాలు దాటినయి.
గీతకొచ్చే నాటికి నేనుండ.
మొన్న ఆ పిలగాడు వాటినీ చూసిండు.
"ఇవెవరు నాటిండ్రు? పేరు చెప్పు, రాసుకుంట."
ఏం చెప్పాలె?
నక్కకు సంతకం రాదు.

పొద్దు పొడుస్తున్నది, ఎక్కాలె.
మానుపిల్లి ఏమన్న ఉంచిందో లేదో.