బాడిగ

మార్చి మొదటివారం. ఏటుకూరు రోడ్డు పొడుగునా తేజ ఘాటు.
మూడో చాంబరు గోడనానుకుని నా గది.
సర్వర్ల ఫిల్టరు విప్పితే దోసెడు ఎర్ర పొడి.
గుంటూర్లో కంప్యూటర్లకి కూడా తుమ్ములొస్తాయి జోజీ, అంటుంది
కాటా దగ్గర చీటీలు రాసే మస్తాన్‌బీ.

ఆ వారమే డీలరు కుర్రాడు ఫోన్ చేశాడు,
వెనకాలే కొటేషను.
పెట్టెల్ని నడిపే సాఫ్ట్‌వేరు చేతులు మారిందట.
ఇక అమ్మరట. ఏటేటా కట్టాలట.

బీరువాలోంచి తొమ్మిదేళ్లనాటి కాగితం తీశాను.
శాశ్వత లైసెన్సు అని ఉంది.
మా రబ్బరు స్టాంపు వెలిసిపోయింది గానీ
శాశ్వతం మాత్రం నిగనిగలాడుతోంది.
"వాడుకోండి సార్, ఎవరొద్దన్నారు?
జబ్బు చేస్తే డాక్టరు రాడు, అంతే."

బాడిగ అంటే మొన్నటిదాకా మాకు
ముడతల మిరపకాయ. రంగెక్కువ, కారం తక్కువ.
ఈ బాడుగకి రంగు లేదు.

పిచ్చేశ్వరరావు గారు కళ్లజోడు నుదుటిమీదికి తోసి
"కొన్న గేదెని పితికినప్పుడల్లా
అమ్మినోడికి డబ్బు కట్టాలంట్రా?" అన్నారు.

చెప్పాను.
మనవి మూడు ఇనప పెట్టెలండీ,
వాటిలో పదకొండు మెషిన్లు కాపురముంటున్నాయి.
కాటాది ఒకటి, లాట్ల రిజిస్టరుది ఒకటి, చాంబర్ల చలి చూసేది ఒకటి.
ఒక్కోటీ పెట్టంతా తనదే అనుకుంటుంది.
ఆ భ్రమ నిలబెట్టేదానికి ఈ డబ్బు.
"భ్రమకా?"
భ్రమకేనండీ. పైగా మనవి నలభై ఎనిమిది కోర్లు,
కనీసం డెబ్బై రెండుకి కట్టాలి.

"లేని ఇరవై నాలుగుకి కూడానా!"
ఆయన అరుపుకి హమాలీలు లోపలికి తొంగిచూశారు.
మస్తాన్‌బీ చీటీలు సర్దుకుంటూ, ఎవరికో చెప్పినట్టు,
"వంద బస్తాలకి తగ్గితే వందకే అద్దె అని
మన బోర్డుమీద కూడా ఉందిగా" అంది.
సీలింగు ఫ్యాను ఒక్కటే కాసేపు మాట్లాడింది.

శనివారం, ఆదివారం యార్డుకి సెలవు.
ఉచితంగా దొరికే ఇంకో సాఫ్ట్‌వేరు ఎక్కించాను ఖాళీ చేసిన పెట్టెలో.
ఒక్కో మెషిన్నీ ఆపి, మూటగట్టి, మోసి, విప్పి,
రైల్లో నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చి
మంచంమీద పడుకోబెట్టినట్టు.
పది లేచాయి. ఇల్లు మారిందని వాటికి తెలియనే లేదు.

పదకొండోది లేవలేదు.
కరోనాలో పోయిన గుమస్తా చలమారెడ్డి గారు
రాత్రుళ్లు కూర్చుని రాసిన పాత లెక్కల ప్రోగ్రాం.
దాని గుట్టు ఆయనతోనే పోయింది.
నీలం తెర. మళ్లీ నీలం తెర.
డిస్కు కనపడటం లేదంటుంది, డిస్కుమీదే కూర్చుని.
తెల్లారి నాలుగుకి, లాలాపేట వైపునుంచి అజా వినపడే ముందు,
పాత రకం డ్రైవరొకటి పెట్టి చూశాను.
నల్ల తెరమీద పచ్చక్షరాలు వచ్చాయి:
నమస్కారం. తేదీ సరిచూసుకోండి.
సరిచూసుకున్నాను చలమారెడ్డి గారూ,
అనేశాను పైకే. కూలింగు మోటార్లు తప్ప ఎవరూ వినలేదు.

సోమవారం మొదటి ట్రాక్టరు పెదనందిపాడు నుంచి. నలభై మూడు బస్తాలు.
చీటీ ఎప్పట్లాగే కిర్రుమంటూ వచ్చింది.
మస్తాన్‌బీ చింపింది, రైతుకివ్వకుండా పట్టుకుని
బోర్డు వైపు చూసింది, తర్వాత అయ్యగారి వైపు.
ఆయనకి అప్పుడే కళ్లజోడు దొరకలేదు.
"ఉన్నవాటికే రాయి" అన్నారు, జేబులు తడుముకుంటూ,
"ఈ ఒక్కసారికి."
బోర్డుమీది గీత అలాగే ఉంది.

నా గదిలో కొత్త సాఫ్ట్‌వేరు కూడా ఎవరో ఒకరిదే.
చేతులు మారదని నా దగ్గర కాగితమేం లేదు.
ఉన్నా, కాగితం సంగతి చూశాంగా.
ఫిల్టరు విప్పి దులిపాను.
గట్టిగా ఒక తుమ్ము, నాదే.