చేతిలో ఏమీ లేకుండా

మందుల షాపు త్సియాలా
రక్తపోటు మాత్రల కింద పెట్టి ఇచ్చింది చీటీని:
సంగీత పాఠశాల, వెనక తలుపు, మంగళవారం ఏడింటికి.
ఎందుకో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని బయటపడ్డాను.

మొదటి వారం వంతెన దాకా వెళ్ళాను.
కింద రియోని నది, బురద రంగులో,
నాకంటే తొందరగా ఎటో పోతోంది.
రెండో వారం తలుపు దాకా.
లోపల ఎవరో పిల్ల పియానో మీద
ఒకే చోట పదే పదే తప్పుతోంది.
తప్పు చోటుకొచ్చానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.
మూడో వారం వాన. గొడుగు లేదు.
వానే లోపలికి తోసిందని ఇప్పటికీ అంటాను.

పిల్లల కుర్చీలు.
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఏడుగురు పెద్దవాళ్ళు.
బస్సు నడిపే బద్రి, సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కే ముసలాయన,
చేతి తొడుగులు విప్పని లెక్కల టీచరు లమారా.
కెటిల్, పచ్చి అక్రోటుకాయల మురబ్బా, ఒకటే చెంచా.

ఈ కుతైసీలో నేనెరగని పెళ్ళి లేదు.
విందుబల్లకి పెద్దను నేను. తమదా అంటారు మా దగ్గర.
ఎవరి పేరున తాగాలో, ఎప్పుడు తాగాలో
నా నోటి నుంచి రావాలి.
దేవుడికి, శాంతికి, పోయినవాళ్ళకి,
ఇంకా కడుపులో ఉన్నవాళ్ళకి.
ప్రతి మాట చివరా కొమ్ము ఖాళీ.
ఎద్దుకొమ్ముకి అడుగు ఉండదు, కింద పెట్టడానికి వీల్లేదు.
నిండిందా, తాగాల్సిందే.

నా కూతురి పెళ్ళిలో ఇరవై ఆరో మాట ఆమె గురించేనట.
బల్లంతా ఏడ్చిందట.
ఆ 'అట'లే నాకు మిగిలినవి.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.
ఎవరూ నిలబడరట ఇక్కడ.
అలవాటుకొద్దీ కొండల దగ్గర మొదలుపెట్టి
ముత్తాతల మీదుగా వస్తున్నాను,
లమారా గుడ్లు ఉడకబెట్టే గడియారం చూపించింది.
మూడు నిమిషాలు.
"నీ గురించి," అంది, "ఇంకా రాలేదు."

నా గురించి.
వెయ్యిమందిని పొగిడిన నాలుక
అంగిలికి అంటుకుపోయింది.
నుగ్జార్, అన్నాను. తాగుతాను, అన్నాను.
మాట అయిపోయింది.
కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది,
వేళ్ళు కొమ్మును పట్టుకున్నట్టు వంగి.

ఎవరూ నవ్వలేదు.
బద్రి ఆ చేతిలో టీ గ్లాసు పెట్టాడు.
కాలింది. బల్ల మీద పెట్టాను.
దానికి అడుగుంది. నిలబడింది.

ఇంటికెళ్తుంటే మా తాత గుర్తొచ్చాడు.
మా ద్రాక్షసారా కుండలు మనిషంత లోతు,
మెడదాకా భూమిలో పూడ్చినవి.
ఎనిమిదేళ్ళవాణ్ణి, తాడు కట్టి లోపలికి దింపేవాడు,
చెర్రీ బెరడుతో గోడలు తోమమని.
పాత వాసన తలకెక్కి
అరవకుండానే పడిపోయినవాళ్ళున్నారు.
అందుకే ఒక నియమం:
లోపలున్నవాడు మాట్లాడుతూనే ఉండాలి.
పాటో, తిట్టో, ఎక్కాలో, ఏదైనా సరే.
నేను ఊపిరి పీల్చుకుందామని ఆగితే చాలు,
పైన గుండ్రటి వెలుతురులో తల ఒకటి వంగేది:
"ఒరేయ్, ఉన్నావా?"

అక్టోబరు వస్తోంది.
ద్రాక్ష నాకోసం ఆగదు, బావమరిది అంతకన్నా ఆగడు.
కుండలు అక్కడే ఉన్నాయి, ఇంటి వెనక, మూతల కింద.
ఏం చేస్తానో తెలీదు.

పోయిన మంగళవారం వెళ్ళలేదు.
ఎనిమిదింటికి ఫోను మోగింది.
లమారా. పలకరింపు లేదు, ఉపదేశం లేదు,
వెనక కెటిల్ చప్పుడు మాత్రం.
"ఉన్నావా?" అంది.