రెండో బ్యాటరీ

ఓమ్ని వెనక సీట్లు పీకేసి నీళ్ల తొట్టి దించాను.
బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు
ఆకివీడులో ఎక్కి
చించినాడ వంతెన దాటి
రాజోలు చెరువుల్లో దిగేదాకా
వాటి ఊపిరి నా పూచీ.

ఊపిరంటే మరేం కాదు,
రెండు గాలి మోటార్లు, నాలుగు బుడగ రాళ్లు.
అవి తాగేది కరెంటు,
ఆ కరెంటు తాగేది పెట్రోలు.
బెల్టు కీచుమంటూ ఆల్టర్నేటర్ని తిప్పుతుంటే
ఇంజను మెడ మీద ఇంకో కాడి.
పాత కేలండరు వెనక రాసుకున్నాను:
ఖాళీగా వస్తే లీటరుకి పదిహేను,
పిల్లలతో పోతే పన్నెండున్నర.

కిందటేడు జ్యేష్ఠంలో సొంత తెలివి చూపించాను.
ట్రాక్టరుది పాత బ్యాటరీ తెచ్చి
తొట్టి పక్కన పురికొసతో కట్టి
ఒక్క వైరు లాగి బండిదానికి కలిపాను.
ఫ్యూజు దండగ అనుకున్నాను.
దిండి దాటాక ఒక గతుకులో
సీటు రేకు వైరుని కొరికింది.
ముందు వాసన. తర్వాత పొగ.
కారిన ప్లాస్టిక్కు చుక్కలు చుక్కలుగా నీళ్లలోకి.
నేను వైరు తెంపి పారేసేసరికి
తెల్లటి పొట్టలు పైకి తేలుతున్నాయి,
గోరంత గోరంతవి.
లెక్కపెట్టలేదు.

పాలకొల్లులో దొమ్మేటి మంగతాయారు గారి కొట్టు.
బోర్డు మీద పేరు మొగుడిది, చెయ్యి ఆవిడది.
కాలిన వైరు వేళ్ల మధ్య నలిపి
"ఆదా చేద్దామనుకున్నావా, తగలడిపోదామనుకున్నావా?" అంది.
గాజులు తీసి మేకుకి తగిలించింది.
నా చేతి వాచీ కూడా తీయించింది.
"విప్పేటప్పుడు నల్లది ముందు.
బిగించేటప్పుడు ఎర్రది ముందు.
నిద్రలో లేపి అడిగినా చెప్పాలి."

"ముసలిదాన్నీ పడుచుదాన్నీ ఒకే తీగకి కట్టకు.
పడుచుది ఎంత తెచ్చినా ముసలిది తాగేసుద్ది.
తలుపులేసిన బండిలో నీళ్లు పోసే రకం పెట్టకు,
దాని ఆవిరికి అగ్గితో స్నేహం."
సీలు వేసిన రకం తెప్పించింది.
ఎర్ర తల నుంచి జానెడు లోపే ఫ్యూజు పెట్టి
"కాలవకి లాకు ఎక్కడేస్తారు, తలకా తోకకా?" అనడిగింది.
రేకు చిల్లులకి రబ్బరు గుండీలు,
తలల మీద టోపీలు,
కింద ఇనప పట్టీ, నాలుగు బోల్టులు.
అయ్యాక కాలితో తన్ని చూసింది.
కదల్లేదు.

"ఇంజనుకీ దీనికీ చుట్టరికం లేదు.
రాత్రి ఇంట్లో ఛార్జరు, పగలు మోటార్లు.
పన్నెండు వోల్టుల కిందకి దింపకు, చచ్చిపోద్ది."
ఎంత మిగులుద్దండీ అన్నాను.
నా కేలండరు లాక్కుని చూసింది.
"నీళ్ల బరువు ఎక్కడేశావు?"
వెయ్యలేదు.
"ఇదే పాతిక కిలోలు. అదీ వెయ్యి.
రాత్రి మీటరు తిరిగింది వెయ్యి.
అన్నీ పోను మిగిలితేనే మిగులు.
నేనమ్మేది బ్యాటరీ, మహిమ కాదు."

వేశాను.
పిల్లలతోనే లీటరుకి పదమూడుంపావు.
ముప్పావు కిలోమీటరండి, ఆయ్, నవ్వండి.
నెలకి పదమూడు లీటర్లు,
కరెంటు బిల్లు పోను పదకొండు.
బ్యాటరీ అప్పు ఇంకా తీరలేదు.

కానీ మొన్న తెల్లారగట్ల
వంతెన మీద లారీ అడ్డం పడి
బళ్లన్నీ నిలిచిపోయాయి.
ఇదివరకైతే గంటసేపు ఇంజను అలా మండాల్సిందే,
ఆపితే పాత బ్యాటరీ కూలబడేది, పిల్లలు పోయేవి.
తాళం తిప్పాను.
ఇంజను ఆగింది.
కింద వశిష్ఠ చప్పుడు లేదు.
వెనక మాత్రం చీకట్లో
గుడగుడ, గుడగుడ,
బుడగలు.
అద్దం దించి
ఫ్లాస్కులో టీ పోసుకున్నాను.