మోచెయ్యి

ఓడీల్ గారి టేపులు విని రాసిపెట్టడం నా పని.
మొదట్లో గంటకింత,
తరవాత పుస్తకానికింత,
ఈమధ్య రాత్రి భోజనానికి.

ఓపెలూసాస్‌లో, బియ్యం మిల్లు వెనక వీధిలో ఆవిడ ఇల్లు.
వాన పడితే వసారా రేకుల మీద
ఎవరో చెంచాలు ఆడిస్తున్నట్టుంటుంది.
అల్మరాలో ఆవిడ రాసినవి పద్నాలుగు.
ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు చేసుకున్న జాకీ,
మొగుడి మీద ఒక్కసారీ గురి తప్పని
కత్తుల సర్కసు మనిషి,
మొసళ్ళు పట్టీ పట్టీ చివరికి దర్జీలైన కవలలు,
రెండు డిటెక్టివ్ నవలలు,
ఒక బెండకాయ వంటల పుస్తకం.
మిగిలినవన్నీ పాటగాళ్ళు.

"ఏది దొరికితే అది రాస్తావేమిటి" అంటే
"చేపల బజారుకెళ్ళి ఒక్క చేపనే చూసొస్తావా" అనేది.

ఆన్సెల్మ్ గిడ్రీ మీద ఆరేళ్ళు పట్టింది.
అకార్డియన్ ఆయన పొట్టకి అంటి పుట్టిందనేవాళ్ళు.
కుడిచేతికి చిటికెన వేలు లేదు.
ఒక టేపులో అది మొసలి తింది,
ఒక టేపులో ఎవరో మొగుడు నరికాడు,
ఎవరి మొగుడో చెప్పడు,
మూడో టేపులో మిల్లు బెల్టు లాక్కుపోయింది.
ఓడీల్ మూడూ రాసింది, మూడు అధ్యాయాల్లో.
"ఆయన వేలు, ఆయనిష్టం."

టేపులో మాటలు వాళ్ళిద్దరివీ.
మాటల సందులో ఉన్నది నాది.
అగ్గిపుల్ల గీసిన చప్పుడు,
కుక్క లేచి చోటు మార్చుకోవడం,
అబద్ధానికి ముందు గొంతు సవరించుకోవడం,
నిజానికి ముందు ఏమీ చెయ్యకపోవడం.
అవి కూడా రాసేదాన్ని కుండలీకరణాల్లో.
ఆవిడ ఎర్ర పెన్సిలుతో కొట్టేసేది.

గిడ్రీ పోయిన నాలుగు నెలలకు పుస్తకం వచ్చింది.
లైబ్రరీలో కేకు, మడత కుర్చీలు,
రాని మేయరు కోసం ఒక ఖాళీ సోఫా.
చివరి వరసలో పెద్దాయనొకడు,
ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో టోపీ.
జనం సంతకాలు చేయించుకుని వెళ్ళాక లేచాడు.
పుస్తకాన్ని వెనకనుంచి తెరిచాడు.
పేర్ల పట్టీ మీద వేలు పెట్టి
పైనుంచి కిందికి,
మళ్ళీ పైకి.

"బాబినో. ఉలిస్ బాబినో.
ముప్పై ఒక్కేళ్ళు ఆయన పక్కన
బట్టలుతికే రేకు మెళ్ళో వేసుకుని వాయించాను."
ఫిర్యాదులా కాదు, పోస్టుమానుకి
ఇంటి నంబరు చెప్పినట్టు.

పద్నాలుగు పుస్తకాల మనిషికి
నోట మాట రాలేదు.

ఆయనే పుటలు తిప్పాడు. నూట పన్నెండు.
గిడ్రీ నవ్వు, గిడ్రీ బంగారు పన్ను,
సగం ఊపిరి తీసుకుని ఆగిపోయిన అకార్డియన్,
కుడి అంచున, కత్తిరించగా మిగిలిన
ఒక మోచెయ్యి.
"ఇది నాదే. ఇక్కడ పెట్టండి సంతకం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే రికార్డరు పట్టుకుని బయల్దేరింది.
కారు నేనే నడిపాను.
చెరుకు కోతలై పొగ, గులకరాళ్ళ దారి.
ఆయన కాఫీ ఇచ్చాడు, నల్లగా, తారులా.
"మీ కథ చెప్పండి."
"కథేముందమ్మా,
రాత్రి తొమ్మిదికి మొదలెట్టేవాళ్ళం, తెల్లారి ఆపేవాళ్ళం.
ఎనిమిదింటికి పోస్టాఫీసులో ఉద్యోగం.
ఎప్పుడు నిద్రపోయానో మా ఆవిణ్ణి అడగాలి."
"మరి ఆ వేలు?"

గోడమీద మేకుకి రేకు వేలాడుతోంది,
మధ్యలో అరిగి వెండిలా మెరుస్తూ.

"కారు తలుపులో నలిగింది.
వానొస్తోందని నేనే గభాల్న వేశాను.
ఆ రాత్రి కూడా వాయించాడు, తొమ్మిది వేళ్ళతో.
తరవాత ఎవరడిగినా
నా పేరు రానిచ్చేవాడు కాదు."

రికార్డరు ఆపమని ఆయన అనలేదు.
ఆవిడే ఆపింది.

రెండో ముద్రణలో మొసలి ఉంది,
మొగుడూ ఉన్నాడు, బెల్టూ ఉంది.
తలుపు లేదు.
వెనక పట్టీలో మాత్రం కొత్తగా ఒక వరస:
బాబినో, ఉలిస్, 112 (మోచెయ్యి).
ఈసారి కుండలీకరణం కొట్టెయ్యలేదు.

టేపు నా దగ్గరే ఉంది.
అందులో తలుపు మాటకు ముందు
పదకొండు సెకన్లు
ఎవరూ ఏమీ చెయ్యరు.