శివారు జాబితా

అసెంబ్లీకి ఇంకా పదకొండు రోజులుంది.
"ఒక్క పేజీ. రెండో పేజీ ఎవరూ తిప్పరు"
అన్నారు చైర్‌పర్సన్ కొల్లాటి మంగాయమ్మ గారు,
బల్ల మీది టీ మరకని పాత అజెండా కాగితంతో తుడుస్తూ.
చేపల వేలంపాటలో పెరిగిన మనిషి ఆవిడ.
ఏ ధర నిలుస్తుందో, ఏది ఉత్త కేకో
వినగానే తెలుసు.

నేను టైపు కొట్టేవాణ్ణి.
నిరుటి జాబితా కంప్యూటర్లోనే ఉంది, ముప్పై నాలుగు అంశాలు,
తేదీ మారిస్తే ఏ ఏడుకైనా పనికొస్తుంది.

హాల్లో ఒక్క ఫ్యానే తిరుగుతోంది,
కుర్చీలన్నీ ఒకటొకటిగా దాని కిందకి జరుగుతున్నాయి.
ఏడో వార్డు మంచినీళ్ల చెరువు అంది:
"కాలువలు కట్టేశాక మావాళ్లు టీలో కూడా ఉప్పే తాగుతున్నారు."
పదో వార్డు వంతెన అన్నాడు,
వాళ్ల నాన్నా ఇదే హాల్లో ఇదే మాట అన్నాడు.
పంతొమ్మిదో వార్డు లేచి
శ్మశానానికి గోడ, అని కూర్చున్నాడు.
వాళ్లమ్మ పోయి ఇంకా నెల కాలేదు.
ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు డీఈ సుబ్బరాజు గారు మ్యాపు పరిచారు,
నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టి.
"డబ్బు అడిగితే వరసలో నిలబెడతారండి.
శివారు వాళ్లం మనం,
నీళ్లయినా నిధులైనా పైవాళ్లు తడిశాకే.
ఈసారి మాట అడుగుదాం. చట్టంలో ఒక్క మాట."

ఊరి మురుగు ఊరి హద్దు లోపల మనది.
ఏటి దగ్గర తూము డ్రైనేజీ శాఖది.
మధ్యలో పదమూడు వందల మీటర్లు
ఎవరిదీ కాదు.
గుర్రపుడెక్క మాత్రం తనదే అనుకుని
పూలు కూడా పూస్తోంది.

అమావాస్యకి సముద్రం పోటెత్తితే
ఆ పదమూడు వందల మీటర్లూ వెనక్కి తిరిగి
మన దగ్గరికే వస్తాయి,
సంతకం లేదని తిప్పి పంపిన ఫైల్లాగా.

పద్నాలుగో వార్డు గొంతు సవరించుకున్నారు.
ఆయన రొయ్యల చెరువుల నీళ్లు దిగేది అందులోకే.
వద్దు అనలేదు, పెద్దమనిషి.
"వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

తలుపు దగ్గర దీవెనమ్మ.
ఎవరూ పిలవలేదు, పంచింగు వేసి అటే వచ్చింది,
మోకాళ్ల దాకా ఎండిన బురదతో.
"ఎవరిదీ కానిదాంట్లో దిగేది నేనేగదండీ.
మా మూణ్ణెల్ల జీతం గూడా
ఎవరిదీ కాదేటండీ?"

ఫ్యాను చప్పుడు అప్పుడే మొదటిసారి వినిపించింది నాకు.

మంగాయమ్మ గారు నా చేతిలోంచి జాబితా లాక్కుని
పెన్నుతో గీతలు కొట్టుకుంటూ పోయారు.
వంతెన దగ్గర పెన్ను కాసేపు ఆగింది,
తర్వాత అదీ కొట్టేశారు.
పదో వార్డు కిటికీలోంచి బయటికి చూశాడు.
"మూడే. పాటలో చేతులు ఎక్కువ లేపినవాడికి
చివరికి బుట్ట ఖాళీయే" అన్నారు.

రాత్రి ఆఫీసులో నేనూ, దోమలూ.
మొదటిది: చట్టంలో "హద్దు లోపల" అన్న చోట "ఏటి దాకా".
ఇంతే. పైసా ఖర్చు లేదు.
కొట్టాక చాలాసేపు చూశాను ఆ "దాకా"ని,
అంత చిన్న మాట అంత దూరం వెళ్లగలదా అని.
రెండోది చెరువు.
మూడోది టైపు చేస్తుంటే
లెటర్‌హెడ్డూ, ముద్రకి జాగా, రిఫరెన్సు నంబర్లూ
అన్నీ కలిసి తోసేసి
దీవెనమ్మ వాళ్ల జీతం రెండో పేజీలో పడింది.

అక్షరాలన్నీ ఒక సైజు తగ్గించాను.
పడలేదు.
ఇంకో సైజు.
ముద్రకి వదిలిన జాగాలో సగం కోసి
ఆ లైనుని పైకి లాగాను.