రాయి

గుంతకల్లులో బుధవారం
కోడి కూయకముందే దిగుతుంది.
రైలుగేటు అవతల, పాత గూడ్సుషెడ్డు గోడ పొడుగునా
ఆటోలు మూటల్ని, మనుషుల్ని దించిపోతాయి.
ఏది మూటో ఏది మనిషో
కదిలినాక తెలియాల్సిందే.

నా చేతిలో రసీదు పుస్తకం, చెవి మీద పెన్ను.
తట్టకు పది, బండికి ఇరవై.
పద్నాలుగేళ్ళుగా నేను ఆశీలోణ్ణి.
నా పేరు అడిగినోళ్ళు లేరు.
అందరి పేర్లూ రాసేది మాత్రం నేనే:

కొనకొండ్ల తిప్పక్క, పచ్చిమిరపకాయలు.
దూదేకుల హుసేనమ్మ, ఎర్రగడ్డలు.
మద్దికెర ఉరుకుందప్ప, మటిక్కాయలు,
ఒక్కో వారం రెండు కోళ్ళు.
రసీదులో కోళ్ళకు గడి లేదు.
వాటినీ కూరగాయల్లోనే కలిపేస్తా.

ఎండ గోడ దిగేసరికి కాలు పెట్టను సందుండదు.
రాత్రి డ్యూటీ దిగిన గార్డు
పెట్టె భుజానే ఉండంగా టమోటాలు నొక్కి చూస్తుంటాడు.
పెంచలమ్మ టీచరు అరగంట బేరమాడి
ఐదు రూపాయల కొత్తిమీర కొంటుంది.
అలసందల రాశి పక్కన కుదిరిన సంబంధాలు
నాకు తెలిసి మూడు, చెడింది ఒకటి.
"కసాపురంలో మా చెల్లెలికి చెప్పు, బర్రె ఈనిందని."
అందరి దగ్గరా ఫోన్లున్నాయి.
అయినా ఆ మాట
వంకాయల తట్ట మీదనే ఊరికి పోవాల.

మొన్న తొలకరి పడిన వారం
తిప్పక్క జాగా ఖాళీ.
"వాన పడింది గదా,
వజ్రకరూరు చేన్లలో వజ్రాలేరుకుంటా ఉంటుందిలే"
అన్నాడు ఉరుకుందప్ప.
అందరం నవ్వినాం.
రెండో వారం ఆ మాట ఆయనే అనలేదు.

ఆదోని నుంచి వచ్చిన ప్లాస్టిక్ బకెట్లాయన
అప్పటికే ఆ జాగాను అడుగులతో కొలుస్తున్నాడు.
హుసేనమ్మ లేచింది.
తక్కెడ పక్కనున్న రెండు కిలోల రాయి తెచ్చి
జాగా నడిమిట్లో పెట్టింది.
పది రూపాయలు నా ముందుకు చాపింది.
"రాయి సామీ."
"రాయేగదా, దానికెందుకమ్మా రసీదు?"
"రాయి గాదప్పా, రాయి! తిప్పక్క అని రాయి!"

రాని మనిషికి రసీదు చింపడం
నాకదే మొదలు.
ఆ పొద్దంతా రెండు కిలోలు అడిగినోళ్ళకల్లా
హుసేనమ్మ కిలో రాయితో రెండు మార్లు తూచింది.

మూడో వారం పది ఉరుకుందప్పది.
నాలుగో వారంది ఎవరిదో తెలీదు,
రాయి కింద మడిచి పెట్టి ఉండింది.
సాయంత్రం లెక్క చూస్తా కాంట్రాక్టరు అడిగినాడు,
"ఈ తిప్పక్క ఏం అమ్మింది రా? సరుకు గడి ఖాళీ."
బెల్లం అన్నాను.
ఎందుకు బెల్లమో నాకే తెలీదు.
డబ్బు సరిపోయింది, ఆయన తలెత్తలేదు.

అయిదో బుధవారం తిప్పక్క దిగింది,
ముందు తట్ట, ఎనకాల ఆమె.
అనంతపురం ఆసుపత్రి ఇచ్చిన నల్లద్దాలు.
రాయిని కొంగుతో తుడిచి హుసేనమ్మ ఒళ్ళో పెట్టి
ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.
నన్ను మాత్రం కేకేసింది:
"మూడు వారాలు ఆశీలు కట్టినానంట.
మరి మూడు వారాల బేరం యాడయ్యా?"

ఇన్నాళ్ళూ నోటును వేళ్ళతో తడిమి ఇచ్చిన మనిషి
అద్దాలు నొసటి మీదికి నెట్టి
నన్ను తేరిపార చూసింది.
"మీసం నెరిసిందే నీకు!
గొంతు విని కుర్రోడివనుకుంటి.
అవునూ, నీ పేరేంది?"

చెప్పబోతా ఉంటే
మిరక్కాయలెంత అని ఎవరో సంచి తెరిచినారు.
ఆమె బేరంలో పడింది.
నేను పక్క తట్టకు పోయినాను.

వచ్చే బుధవారం చెప్పొచ్చులే.