వెచ్చబడే దాకా

పర్లాకిమిడిలో కరెంటొచ్చిన రెండో నిమిషానికి గానీ
దండపాణి మామ ఆంప్లిఫయరు నోరు విప్పదు.
ముందు వాల్వుల అడుగున చుట్ట నిప్పంత ఎరుపు,
తర్వాత కాలిన దుమ్ము వాసన,
ఆ తర్వాత సన్నటి గుర్రు.
ఒక్కోసారి ఆ గుర్రులోంచి
బరంపురం రేడియోలో ఎవరో ఒడియాలో వడ్ల ధర చెబుతారు.

ఇమ్మానుయేలు సంచిలోంచి తీసిన పెట్టె
టిఫిను డబ్బా కన్నా చిన్నది.
దాన్లో రెండొందల ఆంప్లిఫయర్లున్నాయట,
ఒక్కదానికీ బరువు లేదు.
"నీదీ పట్టేశాను మామా, రెండొందల ఒకటోది."
మొన్న మైకు పెట్టి రాత్రంతా కొలిచింది ఇందుకా!

నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టారు.
అదే గిటారు, అదే తీగ, అదే వేలు.
మొదటిది వినగానే, ఇదే మామది అన్నాను,
ఒట్టేసి మరీ.
తప్పు.

మామ నవ్వలేదు, కోప్పడనూ లేదు.
కాశీనగరం పెళ్ళిళ్ళకి నలభయ్యేళ్ళు
ఇద్దరు కూలీల నెత్తిన తిరిగిన ఆ బరువు కేసి చూసి
"నీదాన్లో రేడియో వస్తాదేట్రా?" అనడిగాడు.
గుంటడు నసిగాడు.
"అది లోపం కదా మామా, తీసేశాను."

మళ్ళీ రెండిటికీ కలిపి మీటాడు.
కరెంటు పోయింది.
పెట్టె మాట మధ్యలో ఆగిపోయింది.
మామది మాత్రం ఆ స్వరాన్ని
ఇంకాసేపు నమిలి, బొంగురుపోయి,
ఎప్పుడు మింగిందో తెలీలేదు.

చీకట్లో తడుముకుంటూ వెళ్ళి
దాని వీపు దగ్గర అరచేతులు పెట్టాను.
చెవి ఓడిన సంగతి వాటికింకా తెలీదు.
కాసేపటికి ఇమ్మానుయేలూ వచ్చి పెట్టాడు.

పుష్యమాసం చలి మరి.